నా చెయ్యి లేపించిన డ్రిల్లు టీచరుగారు

పక్కింటి డ్రిల్లు టీచరుగారు పోయేరని పాలమనిషి కబురు తెచ్చింది. పొద్దున్న టీ తాగి కుర్చీలో కూర్చున్నారట, మళ్ళీ లేవలేదట. గుండె అన్నారు. నేను నమ్మలేదు. ప్రహరీ దగ్గర నిలబడి "టీచరుగారండీ" అని రెండుసార్లు పిలిచేను కూడాను. ఆయ్ అని పలికే ఆవిడ పలకలేదు.

జ్ఞాపక కూడికకి చిన్న పుస్తకం వేస్తున్నాం, నాలుగు మంచిమాటలు రాసివ్వమ్మా అన్నారు మా చర్చి సంఘపెద్దగారు. నేను మూడో తరగతితో ఆపేసినదాన్ని. తప్పులుంటే దిద్దుకోండి, మాటలు మాత్రం తియ్యొద్దు. తీస్తే కూడికలో నేనే లేచి చదువుతాను. ఎందుకంటే ఇందులో ఆ పెద్దగారు కూడా ఉన్నారు.

కిందటేడు నాకు కేన్సరని కాకినాడలో ఎడమ రొమ్ము తీసేసేరు. ఆపరేషను బాగా జరిగిందన్నారు. ఇంటికొచ్చేక నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. తల దువ్వుకోలేదు. ఎవరైనా తినిపిస్తే తిన్నాను, లేదంటే లేదు. నా సంగతి మీకు తెలిసిందే కదా, బెంగ పడకపోతే నాకు తెల్లారదు. గేసు కట్టేరా, గొళ్ళెం పెట్టేరా, నగరం ఊళ్ళో పేలిన ఆ గేసు పైపులు మళ్ళీ ఏమౌతాయో, మా ఆయన ఆటో ఎక్కేరో లేదో. అవన్నీ మానేసేను. ఇంట్లోవాళ్ళు "పోన్లే, అమ్మ నెమ్మదించింది" అని సంతోషించేరు.

టీచరుగారొక్కరే భయపడ్డారు. రిటైరై ఇన్నేళ్ళైనా చీర కింద తెల్ల కేన్వాసు బూట్లు వేసుకుని, బడి గ్రౌండులో నడిచినట్టే నడిచి రోజూ వచ్చేవారు. "గేసు కట్టేరా అని అడుగు చెల్లెమ్మా" అనేవారు. నేను అడిగేదాన్ని కాదు. చెకప్పుకి నాతోపాటు వచ్చి డాక్టరుగారితో చెప్పేరు, "ఈవిడ బెంగపడ్డం మానేసిందండీ, ఇది మామూలు విషయం కాదు" అని. డాక్టరుగారు నవ్వలేదు. ఇలాంటి ఆపరేషనయ్యేక మనసు కుంగిపోవడం ఉంటుందనీ, దానికీ మందుందనీ చెప్పి మాత్రలు రాసేరు. చెయ్యి బిగుసుకుపోకుండా గోడమీద వేళ్ళు పైపైకి పాకించమన్నారు.

మాత్రలు వేసుకున్నాను. గోడ దగ్గరకి మాత్రం వెళ్ళలేదు. ఎవరికోసం లేపాలి చెయ్యి?

"ఎవరిమీదన్నా కోపం ఉందా నీకు?" అని అడిగేరు ఓరోజు టీచరుగారు.

"లేదండీ."

"అబద్ధాలాడకు. పడుకున్నదానివి అందరి మాటలూ విన్నావు."

అప్పుడొచ్చింది ఏడుపు. అంతా చెప్పేసేను. వెనకింటామె కడుపుతో ఉన్న కోడల్ని నా గుమ్మం తొక్కనివ్వలేదు, ఇదేదో అంటుకునే జబ్బన్నట్టు. సంఘపెద్దగారు నా మంచం పక్కనే నిలబడి "ఈ సహోదరిని బాధ లేకుండా తీసుకో ప్రభువా" అని గట్టిగా ప్రార్థన చేసేరు. నాకు తెలివుంది. ఆమెన్ కూడా అన్నాను. మూడోది మా తోటికోడలు. యాపిల్ పళ్ళు తెచ్చి, పక్కన కూర్చుని, "నీకింక జాకెట్లు కుదరవు కదే, ఆ ఎర్రంచు పట్టుచీర నాకిచ్చెయ్" అంది.

టీచరుగారు లేచేరు. ఇంటికెళ్ళి సుద్దముక్క తెచ్చి నా గోడమీద ఒకదానిపైన ఒకటి మూడు గీతలు గీసేరు. పేర్లు నాచేతే రాయించేరు. కింద వెనకింటామె, మధ్యలో సంఘపెద్దగారు, అన్నిటికన్నా పైన తోటికోడలు.

"రోజూ పాకు. వీళ్ళని దాటు."

"పాపం కదండీ? క్షమించమని కదా ఉంది?"

"క్షమించడం సంగతి చెయ్యి లేచాక చూద్దాం. వన్, టూ!"

వెనకింటామెని తొందరగానే దాటేను. సంఘపెద్దగారి దగ్గర ఆగిపోయేను. చంక కింద ఎవరో తాడు కట్టి లాగినట్టుండేది. "పెద్దమనిషి కదా, ఊరికే దారిస్తారా" అనేవారు టీచరుగారు, టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ. కొన్నిరోజులు కోపం కూడా పుట్టేది కాదు, గోడ దగ్గరే కూలబడిపోయేదాన్ని. ఆ రోజుల్లో ఆవిడ వన్ టూ అనేవారు కాదు. బూట్లు విప్పి నా పక్కన నేలమీద కూర్చునేవారు. "ఇవాళ సెలవు" అనేవారు. అంతే.

తోటికోడల్ని దాటినరోజున ఆ పట్టుచీర జాకెట్టు కుట్లు విప్పి, ఎడమవైపు లోపల దూది పెట్టి టీచరుగారే మళ్ళీ కుట్టేరు. కొత్తపేటలో పెళ్ళికి కట్టుకెళ్ళి, వెతుక్కుని మరీ తోటికోడలి పక్కన కూర్చున్నాను.

"కుదిరిందే!" అంది.

"కుదిరిందక్కయ్యా. నీకైతే బిగుతైపోయేది."

వెనక వరసలో టీచరుగారు దగ్గొచ్చినట్టు నవ్వేరు. ఆ పూట నేను రెండు లడ్డూలు తిన్నాను.

తర్వాతెప్పుడో "చెయ్యి లేచింది కదండీ, ఇప్పుడు క్షమించెయ్యనా" అని అడిగేను. "నీ ఇష్టం, తొందరేముంది" అన్నారు. నేను క్షమించలేదు. ముగ్గురూ ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను. సమాధుల తోటలో ముగ్గురూ ఆవిడ గురించి చాలా బాగా మాట్లాడేరు. అదీ గుర్తుపెట్టుకున్నాను.

ఆవిణ్ణి మట్టిలో పెట్టి వచ్చేక రెండురోజులు నేను మళ్ళీ మంచం దిగలేదు. పొయ్యి సంగతీ తలుపు సంగతీ అడగలేదు. వెనక్కి పోతున్నానని నాకే తెలుస్తోంది. కనిపెట్టే మనిషి లేరు కదా. మూడోరోజు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. కిటికీలోంచి చూస్తే టీచరుగారి పెరట్లో దండెం మీద ఆవిడ చీర వేలాడుతోంది. పోయినరోజు పొద్దున్న ఆవిడే ఉతికి ఆరేసుకున్నది. ఇంతమంది జనం వచ్చి ఏడ్చి కాఫీలు తాగి వెళ్ళేరే, ఒక్కరికీ కళ్ళు లేవా? వానొస్తే తడిసిపోదూ? ఆవిడ చేతి సబ్బువాసన పోదూ? నాకు ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడు లేచేనో, చెప్పులు వేసుకున్నానో లేదో తెలీదు.

ఆవిడ పొడగరి. దండెం ఆవిడ ఎత్తుకి కట్టుకున్నారు. వాళ్ళ కోడలు పరిగెత్తుకొచ్చి "ఉండండి పిన్నిగారూ, కర్ర తెస్తాను" అంది. కర్రెందుకన్నాను. రెండు చేతులూ ఎత్తేను. ఎడమవైపు చురుక్కుమంది. ఎత్తినచెయ్యి దించకుండా క్లిప్పులన్నీ తీసేను. చీర నా మొహం మీద పడింది. కాసేపు అలాగే ఉండనిచ్చేను.

పరామర్శకి వచ్చిన మా తోటికోడలు అరుగుమీంచి చూస్తోంది.

"ఓ కొస నేను పట్టుకోనా?" అంది.

"అక్కర్లేదు."

ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి, రెండు చేతులూ బారజాపి, తొలి చినుకు పడేలోగా నేనొక్కదాన్నే మడతపెట్టేను.