కుండలో పడని గవ్వ

1933 మార్చి 23న జర్మనీ చట్టసభ, చట్టాలు చేసే తన అధికారాన్ని ప్రభుత్వం చేతుల్లో పెట్టింది. ఔనన్నవారు 444 మంది, కాదన్నవారు 94. గడువు నాలుగేళ్లని రాసుకున్నారు. తరువాత పొడిగిస్తూ పోయారు. ఈ అంకెలు నేను పెద్దయ్యాక సరిచూసుకున్నవి. ఆ యాసంగి పంటకాలంలోనే ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో జరిగినదానికి లెక్క రాసినవారు లేరు. కాదన్నవాడు ఒక్కడే అని మాత్రం తెలుసు.

పోచారం కాలువ నీరు మా మళ్లకు వంతులవారీగా పారేది. పటేలు ఊరిని కూడేసిన రోజు ప్రతి రైతూ తన గుర్తును ఒక కుండలో వేసేవాడు. ఒకరిది చింతగింజ, ఒకరిది గాజుముక్క, మా బాపుది అంచు విరిగిన గవ్వ. మళ్లకు నీళ్లు వదిలే నీరటి కళ్లు మూసుకుని తీసిన వరుసే వంతు.

ఆ ఏడు నీరు తగ్గి కొట్లాటలు పెరిగాయి.

“ఈ ఒక్క యాసంగికి వంతులు నాకు అప్పజెప్పుండ్రి. ఊరు మళ్ల కూడుడెప్పుడో గూడ నేనే చెప్త,” అన్నాడు పటేలు.

నీరటి లేచాడు. “వంతులిస్తె ఇయ్యుండ్రి. కూడే హక్కు గూడ ఇస్తిరంటె, వాపసు అడగనీకి యాడ కూడుతరు?”

“కుండల చెయ్యి వెట్టుడు బందయితదని నీ ఏడ్పా?” అన్నారెవరో. అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వి, పటేలుకు ఔనని చెయ్యెత్తాడు.

మాది కాలువ చివరి మడి. పటేలు మొదటి వంతు మాకే ఇచ్చాడు. “దేవునసొంటోడు,” అని బాపు అమ్మ ముందు పొంగిపోయాడు.

మరుసటి యాసంగికి కుండ బయటికి రాలేదు. పటేలు బంధువుల మళ్లు తడిశాక నీరు మా దాకా చేరలేదు. మా వరి ఎండిపోయింది. బాపు పటేలింటికి వెళ్లాడు.

“ఊరంత కూడుదం, పటేలా.”

“కూడేసేటిది నేనే గదరా. గుంజుకున్ననా? మీరిచ్చిందేనాయె.”

బాపు తిరిగి వచ్చాడు. ఆ పై ఏడూ అంతే. చివరికి మడి విడిచి, మమ్మల్ని కామారెడ్డి తీసుకువెళ్లి, బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. ఎల్లారెడ్డి నుంచి ఎవరు వచ్చినా ఒకటే అడిగేవాడు: “కుండ వెట్టిన్రా?”

యుద్ధకాలంలో బాపు పోయాడు. ఆ తేదీ కూడా ఎవరూ రాసిపెట్టలేదు. ఆయన నడుము సంచిలో గవ్వ దొరికింది. పరామర్శకు వచ్చిన నీరటి చేతిలో అమ్మ దాన్ని పెట్టింది.

“ఈసారన్న కుండల వెయ్యి, అన్నా.”

అతను గవ్వను తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

“ఆ కుండల పటేలింట్ల కోళ్లకు నీళ్లు వోస్తున్నరు, చెల్లె.”