కర్రెది నోట్లో దారం

కుక్కల గురించి ఎవరు ఏమడిగినా మొహమాటం లేకుండా చెబుతాను. అడగకపోయినా చెబుతాను. కోడి బొక్కలు వేయకండి, అవి నిలువునా చీలి గొంతులో గుచ్చుకుంటాయి. జొన్న గటుక చల్లారాక పెట్టండి. చెవుల్లో గోమార్లు పడితే గిల్లి పారేయకండి, వేపనూనె రాయండి, అవే వదులుతాయి. కొట్టి నేర్పితే కుక్క దొంగవుతుంది, పిలిచి నేర్పితే ఇంటి మనిషవుతుంది. ఇవన్నీ మామూలు గొంతుతోనే చెబుతాను. ఒక్క మాట దగ్గర మాత్రం గొంతు లేస్తుంది. నోరు వేలాడేసి చొంగ కారుస్తున్న కుక్క నోట్లో చెయ్యి పెట్టకండి. ఏదో ఇరుక్కుందని మీకెంత గట్టిగా తోచినా సరే, పెట్టకండి. మా ఇంట్లో పిల్లలు "ముసల్దానికి చాదస్తం" అని నవ్వుతారు. నవ్వుకోనీ, నాకేం.

మాది వేములవాడకు పోయే దారిలో ఒక చిన్న ఊరు. వీధి వీధంతా మగ్గాలే. ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల్లో, నాకు పెళ్లి మాటలు నడుస్తున్న రోజులవి. బాపు మగ్గం నేసేవాడు, నేను నూలు కండెలు చుట్టేదాన్ని, తక్కిన చాకిరీ అంతా అవ్వది, అంటే మా అమ్మది. పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులకు, గంజి పెట్టడంలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు పరిచి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుకుంటూ పోవాలి. ఎండ ముదిరేలోగా పని తేలాలి, లేదంటే పోగులు పెళుసెక్కి మగ్గం మీద పుటుక్కు పుటుక్కున తెగుతాయి. అట్లా పరిచిన పడుగు మీదికి ఒక్క మేక వచ్చిందా, ఇంటిల్లిపాది కష్టం మట్టిలో కలిసినట్టే.

అందుకే అవ్వ కుక్కను పెంచింది. నల్లగా ఉండేది కాబట్టి కర్రెది అనేవాళ్లం. పడుగు తొక్కకుండా దాని అంచున నడవడం అవ్వే దానికి నేర్పింది. చేతిలో కర్ర ఉండేది కానీ దాంతో కుక్కను తాకగా నేను చూడలేదు. నేల మీద టకటక కొట్టి, "ఊఁ, గీడికే. గీ గీత దాటద్దు" అనేది. దాటకపోతే గంజి వార్చిన మెతుకులు ఒక పిడికెడు పెట్టేది. నెల తిరిగేసరికి కర్రెది పడుగుకు ఈ కొస నుంచి ఆ కొసకు పోలీసు జవానులా తిరిగేది. మేకలూ కోళ్లూ మా వీధి మొహం చూడటం మానేశాయి.

అయితే గంజి మెతుకుల రుచి మరిగిన కుక్క, గంజి అంటిన నూలు ముక్కలను కూడా వదలదు. నేతగాళ్ల ఇళ్లలో కుక్కలకు ఇది మామూలు బాధే. ఒకసారి కర్రెది దగ్గుతూ, మూతిని ముందుకాళ్లతో రుద్దుకుంటూ గిలగిల్లాడింది. అవ్వ దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, నోరు తెరిచి, నాలుక మొదట్లో చుట్టుకున్న దారాన్ని మెల్లగా లాగేసింది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఆ తర్వాత వాడకట్టులో ఏ కుక్క దగ్గినా మా ఇంటికే తెచ్చేవాళ్లు. అవ్వకు లోపల గర్వంగానే ఉండేది. మూతి విరిచి, "నేనేమన్న డాక్టరునా?" అంటూనే కొంగు నడుముకు చెక్కేది.

ఆ యేడు ఎండలు ముదరకముందు, మానేరు వాగు వైపు నుంచి ఒక నక్క పట్టపగలు వీధిలోకి వచ్చింది. నక్క పట్టపగలు మనుషుల మధ్యకు రావడమే తప్పు. అప్పుడు మాకది తట్టలేదు. పడుగు మీదికి వస్తున్నదని కర్రెది దాని మీదికి దూకింది. తరిమేసి, చెవి కొసన నెత్తురు మరకతో, తోక ఊపుకుంటూ తిరిగి వచ్చింది. అవ్వ మురిసిపోయి గాయానికి పసుపు అద్ది, ఆ పూట రెండు పిడికెళ్లు ఎక్కువే పెట్టింది. గాయం మానింది. అందరం మరిచిపోయాం.

నెల దాటిందేమో. కర్రెది మనిషి మొహం చూడటం మానేసింది. మగ్గం గుంట పక్కన చీకట్లో దూరి, పిలిస్తే కళ్లు మాత్రం తిప్పేది. గొంతు మారింది. మొరుగుదామని మొదలుపెట్టేది, అది సగంలో ఏడుపైపోయేది. పక్కింటి పెద్దమ్మ గడప బయట నిలబడి, "కుక్క గట్ల ఏడ్వద్దే. ఇల్లు చెడ్తది" అంది. అవ్వకు ఒళ్లు మండింది. "నీ నోరు మంచిదైతే అన్నీ మంచిగనే ఉంటయ్ గని, పో" అని తరిమింది. మాట అయితే అన్నది గానీ, ఆ రోజంతా కుంచె పక్కన పెట్టి మగ్గం గుంట వైపు తొంగి చూస్తూనే ఉంది.

మర్నాడు కర్రెది కింది దవడ వేలాడింది. చొంగ తీగలు తీగలుగా కారుతోంది. ముందుకాలితో మూతిని రుద్దుకుంటోంది, సరిగ్గా అప్పటిలాగే. వీధివాళ్లు చేరారు. ఒకాయన పిచ్చేమో అన్నాడు. వెంటనే నలుగురు కొట్టిపారేశారు. పిచ్చి లేచిన కుక్క నీళ్లను చూసి పారిపోతుందట. పరీక్ష పెట్టారు. గిన్నెతో నీళ్లు పెట్టగానే కర్రెది పారిపోలేదు. దాహంతో మూతిని కళ్ల దాకా నీళ్లలో ముంచింది. ఒక్క చుక్క లోపలికి పోలేదు, అన్నీ పక్కల నుంచి కారిపోయాయి. "సూసిండ్రా, నీళ్లంటె భయమే లేదు. దారమే అడ్డం వడ్డది" అని తీర్పు చెప్పారు. పిచ్చి కుక్కకు నీళ్ల భయం ఉండనక్కర్లేదని, ఆ భయం మనిషికి వస్తుందని అక్కడున్న ఒక్కరికీ తెలియదు.

"జర తల వట్టుకోవే" అంది అవ్వ నాతో. నేను రెండు దవడలూ పట్టుకున్నాను. నోరు తెరవడానికి బలమే అక్కర్లేదు, దానంతటదే తెరుచుకునే ఉంది. అవ్వ వేళ్లు గొంతు దాకా పోయాయి. వెతికింది, మళ్లీ వెతికింది. గంజిలో నాని, పోగులు కోసుకుని పగుళ్లు బారిన వేళ్లు అవి. కర్రెది ఒక్కసారి తల విదిలించింది. పన్ను నా మణికట్టు మీద గీరుకుపోయింది. అది కరవలేదు, ఆ మాట ప్రమాణం చేసి చెబుతాను. కరవడానికి దానికి దవడే లేదు. అవ్వ ఖాళీ చెయ్యి బయటికి తీసి, చొంగ చూసుకుని, "దారం లేదే బిడ్డా" అంది. పక్కనున్న గంజి బానలోనే చెయ్యి కడుక్కుని, గబుక్కున తీసుకుంది.

మధ్యాహ్నానికి పశువుల దవాఖాన డాక్టరును పిలిచారు. కృష్ణా వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. గుంట అంచు నుంచే చూసి వెనక్కి జరిగాడు. "దారం కాదమ్మా. దవడ పడిపోయింది. ఇది పిచ్చే. దీని నోట్లో ఎవరైనా చెయ్యి పెట్టారా?" అని అడిగాడు. నేనే చెయ్యి చాపి గీత చూపించాను. "ఈరోజే కరీంనగర్ పొండి. చొంగ తగిలిన వాళ్లందరూ సూదులు వేయించుకోవాలి. కరిచిందా లేదా అని చూడకండి" అన్నాడు. సాయంత్రానికి కర్రెది చచ్చిపోయింది. బాపు దూరంగా లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టాడు.

ఆయన చెప్పింది అక్షరం అక్షరం నిజం. కానీ మా వీధికి ఆయన మాట మీద కన్నా, మానేరు అవతల పసరు పోసే ముసలాయన మీదే గురి. ఆ ముసలాయన సాయంత్రమే వచ్చాడు. ఆయన పసరుకు ఒక కట్టడి ఉంది. పసరు తాగిన ఒంటికి ఇనుప సూది తగలకూడదు. తగిలితే పసరు విరిగి రెండూ పనిచేయవు. అంటే పసరో, సూదో, ఒక్కటే. ఉప్పూ నూనే మానేసి పత్తెం ఉంటే చాలు, ఇంట్లో కూర్చునే బతకొచ్చని ఆయన మాట. ఇంట్లో కూర్చునే బతకడమంటే ఎవరికి చేదు?

బాపు తల పట్టుకున్నాడు. పెళ్లిళ్ల రోజులు. సావుకారి నూలు ఇంటినిండా ఉంది. "ఇద్దరు పోతె గంజెవరు వెట్టాలె? కండెలెవరు సుట్టాలె? మగ్గం ఆగుతది. ఇద్దరు పసరే తాగుండ్రి" అన్నాడు. బాపు చెడ్డవాడు కాదు. భయపడ్డాడు, భయపడ్డప్పుడు మగ్గం వైపే చూసేవాడు. అయినా ఆ మాటకు ఆయన మీద నాకు ఈనాటికీ కోపం తీరలేదు.

అప్పుడు అవ్వ లేచి నిలబడింది. "పిల్లకు పన్ను గీరింది. నాకు గీరలే. దానికి సూదులు, నాకు పసరు. ఇగ మాట్లాడకుండ్రి" అంది.

"నువ్వు గూడ రావే అవ్వా. డాక్టరు సారు అందరిని పొమ్మన్నడు గదా!"

"నా చెయ్యి మంచిగుంది. ఫికర్ చేయకు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకున్న. నీ పెండ్లైనంక ఇద్దరం పోయి కట్టొద్దాం."

నేను అరిచాను, ఏడ్చాను, గడపకు అడ్డంగా కూర్చున్నాను. జుట్టు పట్టుకుని లేపి బస్సెక్కించింది. మా అవ్వ చెయ్యి నా మీద పడటం అదే మొదలు, అదే చివర.

కరీంనగర్‌లో చిన్నవ్వ, అంటే అవ్వ చెల్లెలు, ఇంట్లో ఉండి రోజూ పెద్ద దవాఖానకు పోయేదాన్ని. బొడ్డు చుట్టూ సూది. పెద్ద పెద్ద మగవాళ్లు కూడా ఆ గది బయట "అమ్మో" అంటూ గోడకు ఆనుకుని ఉండేవాళ్లు. పొట్ట గట్టిపడి వంగలేకపోయేదాన్ని. ప్రతిరోజూ ఒకటే భయం, ఊరి నుంచి ఎవరైనా వస్తారేమోనని. ఎవరూ రాలేదు. సూదులన్నీ అయ్యాక ఇంటికి పోతే, అవ్వ చప్పిడి కూడు తింటూ, చిక్కిపోయి, గంజి పెడుతూ కనిపించింది. వాకిట్లోనే కూలబడి ఏడ్చాను. "పసరు గెలిచింది" అని వీధంతా సంబరపడింది. ముసలాయన మీసం తిప్పుకుంటూ పోయిండని చెప్పుకున్నారు. నేనూ నమ్మాను. నమ్మకపోతే ఎట్లా నిద్రపోవాలి?

వానలు మొదలయ్యాయి. ఒక రోజు అవ్వ కుడిచేతి వేళ్లు నేలకు రుద్దుకుంటూ కనిపించింది. ఏమైందంటే, "సీమలు పారినట్టు జుమ్ము జుమ్ముమంటుంది. తిమ్మిరి గావచ్చు" అంది. మర్నాడు అన్నం వద్దంది. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడింది. తలుపు సందులోంచి గాలి తగిలితే మెడ బిగుసుకుపోయింది. ఆ మర్నాడు పొద్దున గంజి బానలోకి నీళ్లు పోయబోయి, నీళ్ల చప్పుడుకు గొంతు పట్టేసినట్టై, చెంబు విసిరేసింది. నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. ఇద్దరికీ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

బాపు డాక్టరు కోసం పరిగెత్తాడు. పోయి ఏం లాభం? ఆ రోగం లేచాక మందు లేదని నాకు కరీంనగర్‌లోనే తెలిసింది. నేను దగ్గరికి పోబోతే అవ్వ మగ్గం గదిలోకి పోయి లోపల గడియ పెట్టుకుంది.

"తలుపు తియ్యవే అవ్వా! నాకు సూదులయినయ్, నాకేం గాదు!"

"నా ఉమ్మి నీకు తాకద్దు. ఆడనే కూసో."

తలుపుకు చెవి ఆనించి కూర్చున్నాను. చాలాసేపు ఆమె ఊపిరి ఎగబీల్చడమే వినబడింది. తరువాత, పొడి గొంతుతో, తెంపుకుంటూ తెంపుకుంటూ చెప్పింది.

"నాకు గూడ గీరిందే. వేలు సందుల. గంజిల చెయ్యి వెట్టంగనే సుర్రుమన్నది."

"మరి ఎందుకు చెప్పలే! ఎందుకు చెప్పలేదే అవ్వా!" తలుపును రెండు చేతులతో బాదాను.

"చెప్తే మీ బాపు ఇద్దరిని ఇంట్లనే ఉంచుతుండె. ఒక్కలనే పంపుతడని నాకెర్కే. అన్ని సూదులు ఏసిండ్రా నీకు? ఒక్కటి గూడ తప్పలే గదా?"

"తప్పలే అవ్వా."

"మల్ల చెప్పు."

మళ్లీ చెప్పాను. మళ్లీ అడిగింది. ఆ రెండు రోజులూ, మనసు చెదిరి మా పేర్లు మరిచిపోయాక కూడా, అదొక్కటే అడుగుతూ పోయింది. అడిగినప్పుడల్లా తలుపు ఇవతల నుంచి తప్పలేదని చెప్పాను. మూడో నాటి పొద్దున ఆమె అడగలేదు.