దండెం మీద ఊదా మరకలు

కాలువ నీళ్లు పారుతున్నాయని విని, కోస్తా నుంచి బళ్లారి జిల్లా ఎమ్మిగనూరు దగ్గరికి వచ్చి వరి పండించుకున్నవాళ్లం మేము. నాట్ల రోజుల్లో పొద్దస్తమానం బురదలోనే ఉండేదాన్ని. కాపురానికొచ్చిన మొదటి ఏడే నాకు చెప్పుకోలేని చోట దురద పట్టుకుంది. కూర్చోలేను, నిలబడలేను. ఎవరితో చెప్పను? చెడ్డ రోగమనుకుని అత్తయ్య నన్ను పుట్టింటికి పంపేస్తుందని హడలిపోయాను.

బళ్లారిలో డాక్టరమ్మ ఊదారంగు మందు ఇచ్చింది. రాస్తే తగ్గేది, కొన్నాళ్లకు మళ్లీ చక్కా వచ్చేది. లంగాలకు అంటిన మరక ఏ సబ్బుకూ లొంగేది కాదు. సీసా మాత్రం ఇట్టే అయిపోయేది. అంత మందు నేనే రాసుకున్నానా అని నాకే ఆశ్చర్యం. మూడోసారి వెళితే డాక్టరమ్మ మందు సంగతి వదిలేసింది.

"లంగాలు యాడ ఆరేస్తాండావమ్మా?"

మా ఇంట్లో ఆడవాళ్ల లంగాలు మగవాళ్ల కంట పడకూడదు. ధాన్యం గదిలో బస్తాల వెనక, చీకట్లో ఆరేసేవాళ్లం. చెమ్మ ఆరకుండానే కట్టుకునేవాళ్లం. ఆ మాటే చెప్పాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది.

"ఇది చెడ్డ రోగం గాదు. తడి ఉన్న తావున బూజు పడతాది గదా, అట్లాంటిదే. బళ్లారిలో కొదవ లేనిది ఎండొకటే. దాన్నీ వాడుకోకుంటే ఎట్లమ్మా?"

నా ప్రాణం లేచి వచ్చింది. కానీ అత్తయ్యతో చెప్పేదెలా? ఎండ పడే పెరట్లోనే మామయ్య మంచం. చివరికి ఒక పొద్దున ఆవిడ బియ్యం చెరుగుతుంటే కళ్లు మూసుకుని అంతా చెప్పేశాను. అత్తయ్య చేట పక్కన పెట్టింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ లేచి, ఎడ్ల పగ్గం ఒకటి తెచ్చి పెరట్లో రెండు గుంజల మధ్య బిగించి కట్టింది.

"ఏవండీ! మంచం వీధరుగు మీద వేసుకోండి. ఇటు తిరిగి చూశారో, ఈ పూట అన్నం లేదు!"

మామయ్య మంచం భుజానికెత్తుకున్నారు.

నా లంగాలు తెచ్చి ఆరేశాను. ఆ ఎండలో మరకలు ఊరంతటికీ కనిపించేలా ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను. అంతలో అత్తయ్య తన లంగాలు తెచ్చి, దులిపి, నా వాటి పక్కనే వేసింది. వాటి మీదా అవే ఊదా మరకలు!

"అంత చిన్న సీసా తెస్తావేమిటే? ఇద్దరికీ ఎలా సరిపోతుందనుకున్నావు?" అంది.

పెరట్లోనే చతికిలబడి ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాం. "ఏమిటా నవ్వులు?" అని అరుగు మీంచి మామయ్య అడుగుతూనే ఉన్నారు, ఇటు తిరగకుండా.