సోములమ్మత్త గోడలో అమ్మవారు

మా ఊరు రాయిపుట్టు వెనక కొండ మీద పాడుబడ్డ కోట ఉంది. కట్టించిన దొర పేరు ఎవరికీ గుర్తు లేదు. కోట కంటే ముందు అక్కడ అమ్మవారి గుడి ఉండేదని మాత్రం అందరికీ తెలుసు. దొర ఆ గుడి విప్పించి, ఆ రాళ్లతోనే బురుజు ఎత్తించాడట. అమ్మవారంటే చెక్కిన బొమ్మ కాదు, గుమ్మడికాయంత నల్లరాయి. కూలీలు ఆమెను కూడా బురుజు గోడలో పెట్టేశారు. తర్వాత దొరల వంశం పోయింది, కోట కూలింది. మా వాళ్లు మాత్రం ఏటా చైత్రంలో ఆ రాయికి పసుపు పూసి, విత్తనాలు ఆమె ముందు పెట్టి తెచ్చుకుంటారు. ఆ పూజ కాకుండా ఎవరూ సామలు చల్లరు.

మా మేనత్త సోములమ్మ ఇల్లు ఆ కోట కిందే. మామ జ్వరంతో పోయాక పుట్టింటికి వచ్చేయమని మా నాన్న ఎంతో చెప్పాడు. అత్త రాలేదు. నిరుడు, రెండువేల ఇరవైనాలుగు వానల్లో, ఆమె తడిక గోడ పడిపోయింది. బురుజు కూడా ఒరిగి రాళ్లన్నీ వాలులోకి దొర్లాయి. చలికాలమంతా అత్త ఆ రాళ్లను నెత్తిన మోసుకొచ్చి రాతిగోడ లేపింది. నేను మట్టి తొక్కాను. గోడ పూర్తయిన రోజు దానికి వీపు ఆనించి కూర్చుని, చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చింది.

"ఇంక నాను ఎక్కడికీ కదల్ను," అంది.

చైత్రం వచ్చింది. పసుపు గిన్నెతో కొండెక్కిన పూజారి గాసి, గిన్నె నిండుగానే దిగివచ్చాడు. అమ్మవారు అక్కడ లేదు. వానకు పసుపు కడుక్కుపోతే ఆమె కూడా మిగతా రాళ్లలాగే ఉంటుంది. అందరూ అత్త గోడ వైపు చూశారు.

"ఒలే సోములూ, అమ్మోరిని గోడలో ఎట్టీసినావేటి?" అన్నాడు గాసి.

"ఏమో బావా. నల్లరాళ్లు సానా ఉన్నాయి."

"అయితే గోడ ఇప్పాల."

అత్త లేచి గోడకు అడ్డంగా నిలబడింది. "దొర కోటలో ఎడితే అన్నేళ్లు కూకుంది. నా ఇంట్లో కూకోదేటి? ఆడికన్నా నాను సెడ్డదాన్నా?"

ఎవరో నవ్వారు. గాసి నవ్వలేదు. అమ్మవారినే అడుగుదామన్నాడు. కోట దారిలో ఒక గుప్పెడు, గోడ మొదట్లో ఒక గుప్పెడు బియ్యం పోశాడు. కోడి కోట వైపు తింటే గోడ విప్పి రాయిని వెతికి పైకి చేర్చాలి. గోడ దగ్గర తింటే అమ్మవారు ఇక్కడే ఉంటానన్నట్టు.

"బేగి కోడిని తెండి," అన్నాడు.

ఊరు దిగువన ఉంది, వెళ్లి రావాలంటే ఆలస్యం. అత్త గంప ఎత్తి తన పెట్టనే తెచ్చి ఇచ్చింది. ఆ పెట్ట రోజూ నూకలు తినేది ఆ గోడ మొదట్లోనే. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

గాసి వదలగానే పెట్ట కోట వైపు నాలుగడుగులు వేసింది. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. పెట్ట ఆగింది, మెడ తిప్పింది, పరుగున వచ్చి గోడ కింద గింజలు ఏరుకుంది.

"అమ్మోరు ఒప్పీసుకుంది," అని గాసి పెట్టను పట్టి అత్త చేతిలో పెట్టాడు. "అమ్మోరికి కొయ్యడానికి ఇంకోటి తెండర్రా." ఆ తర్వాత గొంతు తగ్గించి, "బాగా పెంచినావు సోములూ," అన్నాడు.

"నీకన్నా మాట ఇంటాది బావా," అంది అత్త.

ఏ రాయి అమ్మవారో తెలియదు కాబట్టి గోడంతా పసుపు పూశారు. ఊరి విత్తనాల బుట్టలన్నీ అత్త అరుగు మీదికి చేరాయి. అత్త వాటి మధ్య దారి చేసుకుని లోపలికి వెళ్లి, అందరికీ జావ కాయడానికి పొయ్యి రాజేసింది.