కింద పెట్టని వీణ

సప్తాహం ఏడు రోజులు. ఆ ఏడు రోజులూ పగలనక రాత్రనక హరినామం ఆగకూడదు, వీణ నేలకు ఆనకూడదు. మెడలో వేలాడదీసుకుని నిలబడి మీటే చిన్న తంబురాను మా వైపు వీణ అంటారు. ఒక్కొక్కరు రెండేసి గంటలు దాన్ని మోస్తూ పాడాలి. ఆ రెండు గంటలను పహరా అంటారు. పహరా మారేటప్పుడు దిగేవాడూ ఎక్కేవాడూ ఒకరి కాళ్లకు ఒకరు మొక్కి, ఆలింగనం చేసుకుని, మొహానికి మొహం పెట్టి కాసేపు కలిసి పాడి, అప్పుడు వీణను ఆ మెడలోంచి ఈ మెడలోకి మార్చుకోవాలి. నామం మధ్యలో తెగకుండా ఆ ఏర్పాటు. ఎవరు పెట్టారో గాని, జ్వరం ఒకరి నుంచి ఒకరికి పాకడానికి ఇంతకన్నా మంచి ఉపాయం డాక్టర్లు నలుగురు కూర్చుని ఆలోచించినా తట్టదు.

ఎవరికి ఏ పహరా అని పట్టిక రాసేది నేను. మా ఊరు నాందేడ్ జిల్లాలో బిలోలికి నాలుగు కోసుల దూరం. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడి చదువు మరాఠీ కాబట్టి పట్టిక మరాఠీలోనే ఉండేది; ఈ తెలుగు అక్షరాలు నేను పెళ్లయ్యాక నేర్చుకున్నవి. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. బిలోలి తహసీలు కచేరిలో గుమాస్తాను. ఊళ్లో సర్కారు ఉద్యోగం ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, కలం పట్టే పని ఏదొచ్చినా నా నెత్తినే పడేది. పడాలని నాకూ ఉండేదిలెండి.

అరవైల చివర ఒక కార్తీకంలో ఆ జ్వరం వచ్చింది. దేశదేశాలు తిరుగుతున్న ఫ్లూ అని రేడియోలో చెప్పారు. మా కచేరిలో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. సర్కారు దవాఖాన డాక్టరు ఏదో కాగితం మీద సంతకానికి వచ్చి, మా ఊళ్లో సప్తాహం ఉందని విని ఆగిపోయాడు. అక్కడే నిలబడి మరాఠీలో ఒక చీటీ రాసి నా చేతిలో పెట్టాడు. ఈ ఏడు మానుకోండి. మానలేకపోతే దగ్గేవాళ్లను రానివ్వకండి, మీద మీద నిలబడి పాడకండి. ఆయాసం ఉన్నవాళ్లను ఇల్లు దాటనివ్వకండి. ఇంతే అందులో ఉన్నది. ఎంత తేలికైన మాటలో చూడండి.

ఆ సాయంత్రం మారుతి గుడి ముందు పందిరి వేస్తుంటే నేను చీటీ చదివి వినిపించాను. మా ఊరి పటేలు చివరిదాకా విని, పొగాకు నములుతూ అన్నాడు.

"పాట పాడితె జరం అస్తదారా? గట్లయితె బర్లు కాసేటోళ్లంత ఎప్పుడో సచ్చిపోవాలె."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఊరికి రోగం అచ్చినప్పుడే దేవుణ్ణి గట్టిగ పిలువాలె," అన్నాడు మళ్లీ, ఈసారి నవ్వకుండా. "నా కోడలు మూడొద్దుల సంది మంచంల ఉన్నది. సప్త ఆపుమంటవా? రాయి కచేరి సాబ్, పేర్లు రాయి."

గుంపులో గోవిందా అన్నట్టు నేను కూర్చుని పేర్లు రాశాను. చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ఇంటికి వెళ్తే అవ్వ జొన్నరొట్టెలు కొడుతోంది. మేము అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలుస్తాం. ఆమెకు చీటీ సంగతి అప్పటికే తెలిసింది.

"బాపు పేరు రాయకు బిడ్డా," అంది రొట్టె మీద నుంచి చెయ్యి తియ్యకుండానే. "నిరుడు సప్తలనే దమ్ము లేసింది. పది దినాలు మంచం దిగలే. నీ చేతుల పని, రాయకు."

రాయనన్నాను. దమ్మంటే ఆయాసం, బాపుకు అది పాత జబ్బు. ఊళ్లో అంతటి గొంతు ఇంకొకరికి లేదు. తెల్లవారుజాము పహరా ఎప్పుడూ బాపుదే. ఆ ఏడు మాత్రం ఆయన పేరు రాయలేదు. పందిట్లో పట్టిక చదువుతుంటే బాపు చివరిదాకా నిలబడి విన్నాడు. తన పేరు రాలేదు.

"నా పేరు ఏడున్నదిరా?"

"ఈ యేడు ఇంట్ల కూసొని ఇను బాపు. డాక్టర్ చెప్పిండు."

ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. బ్యాటరీ మీద నడిచే లౌడుస్పీకరు ఒకటి ముద్ఖేడ్ నుంచి కిరాయికి తెచ్చారు. దాని గొట్టం గుడి మీద కట్టడం వల్ల నామం మా వసారాలోకీ, పొలాల్లోకీ వినబడేది. బాపు వసారాలో గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ ఉండేవాడు. బతికించుకున్నాం అనుకున్నాను.

మూడో రోజుకు పందిట్లో దగ్గులు మొదలయ్యాయి. నాలుగో రోజుకు పట్టికలో పేర్లు కొట్టేసి వేరే పేర్లు రాయడమే నా పనైంది. జ్వరం వచ్చినవాడు ఇంకొకడి మెడలో వీణ వేసి ఇంటికి వెళ్లి పడుకునేవాడు. మర్నాటికి ఆ ఇంకొకడూ పడుకునేవాడు. నేను కచేరిలో ఇలాంటి లెక్కలు చూసినవాణ్ణే. ఏది దేని వెంట వస్తోందో నాకు కనబడుతూనే ఉంది.

ఐదో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి వీణ నా మెడలోకి వచ్చింది. రెండింటికి రావలసినవాడు రాలేదు. అతని బదులు వస్తానన్న తమ్ముడూ రాలేదు. పందిట్లో నేనూ, తాళాలు చేతిలో పట్టుకుని కునికిపాట్లు పడుతున్న ఒక ముసలాయనా మిగిలాం. నాకు పొద్దున్నుంచే ఒళ్లు కాలుతోంది. ఎవరికీ చెప్పలేదు. మూడు దాటింది. గొంతు బొంగురుపోయి, ఆఖరికి గాలి తప్ప మాట రావడం లేదు. రెండడుగుల దూరంలో చాప ఉంది. తీసి దాని మీద పెడితే అడిగేవాడు లేడు. నాకు చేతులు రాలేదు. దేవుడికి భయపడ్డానా, పటేలుకు భయపడ్డానా అని ఇన్నేళ్లు నన్ను నేను అడుక్కున్నాను. నాలుగక్షరాలు చదివినవాడు వీణ కింద పెట్టాడట అని ఊరు చెప్పుకుంటుందే, దానికి భయపడ్డాను.

నా గొంతు పోవడం లౌడుస్పీకరు ఊరంతటికీ వినిపిస్తోంది. మా వసారాలోకి కూడా.

బాపు వచ్చాడు. స్నానం చేసి ఉతికిన ధోతి కట్టుకుని, నుదుట నల్లటి బుక్కా పొడి బొట్టు పెట్టుకుని వచ్చాడు.

"గొంతు పోయిందిరా నీది. తే."

"అవ్వ తిడ్తది బాపు."

"అవ్వ పత్తి ఏరవోయింది," అన్నాడు నవ్వుతూ. పట్టిక చదివిన తర్వాత నా మొహం చూసి నవ్వడం అదే మొదలు.

నాకు జ్వరముంది, దగ్గరికి రాకు అనాలి. ఆ ఒక్క మాట. అవ్వ తిడుతుందన్నాను గాని, అది అనలేదు. ఆయన వంగి నా కాళ్లు ముట్టుకున్నాడు. ఆ పందిట్లో తండ్రీ కొడుకూ అని ఉండదు. నేను ఆయన కాళ్లు ముట్టుకున్నాను. కౌగిలించుకుంటే ఆయన ఛాతీలో పిల్లికూతలు వినబడ్డాయి. మొహానికి మొహం పెట్టి ఇద్దరం కలిసి పాడాం. నేను ఆయన మొహం మీదే దగ్గాను. తర్వాత వీణ తీసి ఆయన మెడలో వేశాను. నా మెడ తేలికైంది. దాచేదేముంది, సంతోషమైంది నాకు.

బాపు గొంతు ఎత్తగానే ఊరు లేచింది. ముసుగు పెట్టి పడుకున్నవాళ్లు సైతం దుప్పట్లు కప్పుకుని వచ్చి చాపల మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. పటేలు కళ్లు తుడుచుకుంటూ వచ్చి తాళాలు అందుకున్నాడు. అవ్వ చేనులో ఉండి ఆ గొంతు విని, ఒడిలో పత్తి ఒడిలోనే పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పందిరి బయటే నిలబడిపోయింది. ఆమె నా వైపు చూసింది, అంతే.

మిగిలిన రెండు రోజులూ ఎక్కువ పహరాలు బాపే మోశాడు. ఏడో రోజు కాలా ప్రసాదం. పెరుగూ జొన్న పేలాలూ కలిపిన ఒకే కుండలోంచి అందరూ చేతులు పెట్టి తిన్నారు. ఆ మర్నాడు బాపుకు జ్వరం, మూడో రోజుకు దమ్ము. డాక్టరు సైకిలు మీద వచ్చి చూసి నాందేడ్ తీసుకుపొమ్మన్నాడు. వెళ్తూ వెళ్తూ, "చీటీ చదివి వినిపించావా?" అని అడిగాడు. వినిపించానన్నాను. ఆయన సైకిలెక్కి వెళ్లిపోయాడు. నాందేడ్ పెద్ద దవాఖానలో మంచం దొరికింది, సూదులు వేశారు, చూడవలసినవాళ్లు బాగానే చూశారు. ఊపిరి మాత్రం దొరకలేదు. రెండో రోజు మధ్యాహ్నం, అవ్వ వీపు నిమురుతుండగానే పోయాడు.

పాడె ముందు భజన నడిచింది. అంత పాడినవాణ్ణి ఊరికే పంపుతామా అని మేళమంతా వచ్చింది. దగ్గుతూనే పాడారు. వద్దనడానికి నాకు అప్పుడూ నోరు రాలేదు.

ఆ నెలలో ఊళ్లో ఐదు పాడెలు లేచాయి. అందులో పటేలు కోడలిదొకటి. తర్వాత జ్వరం దానంతట అది తగ్గిపోయింది.

"సప్త నిలవెట్టినం, జరం పోయింది," అన్నాడు పటేలు నా భుజం మీద చెయ్యి వేసి. "మీ బాపు పుణ్యాత్ముడు. వీణ కింద పడనియ్యలే." ఆయన కళ్లలో నీళ్లున్నాయి. కోడలిని పోగొట్టుకున్నవాడికి ఆ మాట కూడా లేకపోతే ఏం మిగులుతుందని ఊరుకున్నాను. చీటీ అప్పటికి జేబులో చెమటకు తడిసి, చాకలి రేవుకు వెళ్లి, ముద్దయిపోయింది.

మరుసటి కార్తీకానికి మళ్లీ పందిరి వేశారు. మళ్లీ నేనే పట్టిక రాశాను. మీ బాపు వీణ, నీదే మొదటి పహరా అన్నారు. తలవంచి వేయించుకున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం మళ్లీ నా వంతు వచ్చింది. అందరూ భోజనాలకు వెళ్లారు. అదే ముసలాయన, తాళాలు ఒడిలో పెట్టుకుని నిద్రపోతున్నాడు.

నేను పాడటం ఆపాను. వీణ మెడలోంచి తీసి చాప మీద పెట్టాను.

పైన గొట్టంలో గుయ్యిమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక కోడి పందిట్లోకి వచ్చి రాలిన పేలాలు ఏరుకుని వెళ్లింది. గుడిలో దీపం ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది. ముసలాయన ఈగను తోలుకుని పక్కకు ఒత్తిగిల్లాడు. చాలాసేపు నిలబడి చూశాను. ఏదైనా కావాలని, ఒక పిడుగైనా పడాలని చూశాను. మళ్లీ వీణ ఎత్తుకుని పాడాను.

పహరా దిగి ఇంటికి వెళ్లేసరికి అవ్వ వసారాలో, బాపు ఆనుకునే గోడ దగ్గర కూర్చుని ఉంది.

"నడుమల ఆగింది గద?" అంది.

"ఆగింది."

"కింద వెట్టినవా?"

"వెట్టిన."

"ఏమైంది?"

"ఏం కాలే అవ్వా."

ఏడాది నుంచి ఆమె నోట్లో పెట్టుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"గదే పని నిరుడు చెయ్యకపోతివి, కొడుకా."