పాటలో నా దరువుకి చోటు

విజయనగరంలో మా రాక్ బ్యాండ్‌కి ఒకప్పుడు మంచి పేరుండేది. అప్పన్న పాడేవాడు, నేను డ్రమ్స్ వాయించేవాణ్ణి. పేరు రాగానే అతనే మమ్మల్ని వదిలేసి పోయాడని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. జనం ఎప్పుడూ అతని పేరే అరుస్తుంటే ఓర్చుకోలేక, "నువ్వు లేకపోయినా బ్యాండ్ నడుస్తుంది, పో" అన్నది నేనే.

తిత్లీ తుపాను తర్వాతి వేసవిలో, సముద్రం ఒడ్డునున్న తన సొంతూరు భావనపాడులో గంగమ్మ జాతర సంబరానికి అప్పన్న ఒక్కడే గిటార్‌తో పాడుతున్నాడని తెలిసి వెళ్లాను. అతనికి కనపడకుండా, ఒడ్డున బోర్లించిన పడవ పక్కన నిలబడ్డాను.

అతను మా పాత పాట ఎత్తుకున్నాడు. పల్లవి అయ్యాక, నా డ్రమ్స్ రావాల్సిన చోట అలవాటుకొద్దీ గిటార్ ఆపేశాడు. దరువు లేకపోయేసరికి చరణం అందలేదు. "ఏటి అప్పన్నా, మర్సిపోనావా?" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. సొంత మనుషుల ముందు అతని ముఖం పాలిపోయింది.

నా చేతులు ఆగలేదు. పడవ చెక్క మీద ఆ దరువు గట్టిగా వాయించాను. అప్పన్న ఇటు చూడకుండానే చరణం అందుకున్నాడు.

పాట అయ్యాక మైకులోనే అన్నాడు: "ఒరే బావా, అది మా సిన్నాన్న పడవ. సిల్లు పడితే నువ్వే బాగుసెయ్యాల. పైకి రా!"

వేదికెక్కి అందరికీ నిజం చెప్పాలనుకున్నాను. చెప్పకుండానే దిగొచ్చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అప్పన్న మమ్మల్ని వదిలిపోలేదు. పొమ్మన్నది నేను. అయినా అతని పాటలో నా దరువుకి చోటు అలాగే ఉంది.