పార్కక్క వాళ్ళ అక్క

షోళింగనల్లూరులో మేముంటున్న అపార్టుమెంటులో ఎదురింటి అమ్మాయి, ఉద్యోగం కోసం గుంటూరు నుంచి వచ్చి రెండేళ్ళయినట్టుంది, పోయిన వారం కింద పిల్లలాడుకునే చోట వల కట్టించి రబ్బరు రింగుతో ఆట మొదలుపెట్టింది. ఒంటి చేత్తో పట్టుకుని అదే చేత్తో వెంటనే వల మీదుగా విసిరే రింగాట గురించి, మద్రాసులో ఆడపిల్లల బడికి వెళ్ళిన మన ఈడు వాళ్ళెవరికీ నేను చెప్పనక్కర్లేదు. సాయంత్రం ఆఫీసు క్యాబు దిగడం, పైకెళ్ళి బూట్లు వేసుకుని రావడం, ఆటలో దిగడం, అంతే. మొగుడు పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉంటాడు. "మీరూ రండి ఆంటీ, ఓ నాలుగు రింగులు విసురుదురు గాని" అని నన్నూ పిలిచింది. మోకాళ్ళ నొప్పులని చెప్పి తప్పించుకున్నాను. నొప్పులున్న మాట నిజమే గాని, అసలు సంగతేమిటంటే ఆ పిల్లను చూస్తే నాకు కుళ్ళు. డెబ్భై దాటిన మనిషికి ముప్పై ఏళ్ళ పిల్ల మీద కుళ్ళేమిటని మీరు నవ్వుకోవచ్చు. నాకీ జబ్బు కొత్తది కాదు. మొదటిసారి పట్టుకున్నది మద్రాసు చూలై పేటలో, మా తోటికోడలు కాపురానికి వచ్చిన ఏడాది.

చూలైలో మా అత్తగారిల్లంటే కింద ట్రంకు పెట్టెల పని, పైన కాపురం. పొద్దుటి నుంచి దీపాలు పెట్టేవేళ దాకా రేకులు కొట్టే చప్పుడుకు మేమంతా గొంతు పెంచి మాట్లాడుకునేవాళ్ళం, ఆదివారం పని లేకపోయినా ఆ గొంతులు తగ్గేవి కావు. నేను పెద్ద కోడలిని. బళ్ళో చదివే రోజుల్లో రింగాటలో మా జట్టుకు నేనే ఆధారం, ఎడమచేత్తో కూడా పట్టేదాన్ని. పెళ్ళయ్యాక ఏడేళ్ళు రింగు ముట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు, నిజం చెప్పాలంటే నేనే ఎవరినీ అడగలేదు. పెద్దకోడలు నోట్లో నాలుక లేని పిల్ల అని వీధి వీధంతా మెచ్చుకుంటుంటే, ఆ మెప్పు ఎక్కడ పోతుందోనని నోరు కుట్టేసుకుని కూర్చున్నాను.

అప్పుడు వచ్చింది మా మరిది పెళ్ళాం, నెల్లూరు నుంచి. పట్టుచీరల మడతల మధ్య ఒక ఎర్ర రబ్బరు రింగు పెట్టుకుని వచ్చింది. కాపురానికొచ్చిన మూడో రోజో నాలుగో రోజో, కాఫీ గ్లాసు చేతికిస్తూ, సాయంత్రం మిద్దె మీద ఆడుకోనా అని అత్తగారిని అడిగేసింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, ఇక ఈ పిల్ల పని అయిందనుకున్నాను. అత్తగారు తలెత్తి కూడా చూడలేదు. "ఆడుకోమ్మా, దానికేం? నన్నడగాల్నా?" అంది. అంతే! ఏడేళ్ళుగా నేను గుటకలు మింగిన మాట ఆ పిల్లకు ఒక్క గ్లాసు కాఫీతో తేలిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా ఆడపడుచులిద్దరు, అప్పటికింకా బడికి వెళ్ళే పిల్లలు, ఆమె వెంటపడ్డారు. తను నన్నూ రమ్మని చెయ్యి పట్టుకుని లాగేది గాని, నాకీ ఆట వచ్చునని నేను చెప్పలేదు. చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు ఆడలేదని అడుగుతారు కదా! కొన్నాళ్ళకు రింగు పోయి పక్కింటి మిద్దె మీద ఆరబెట్టిన అప్పడాల మధ్య పడింది. ఇరవై అప్పడాలు ముక్కలు, రెండు రోజులు పోట్లాట, మిద్దె మీద ఆట బందు. నాకు లోపల సంతోషమే వేసింది. కానీ ఆ పిల్ల ఊరుకునే రకమైతే కదా.

వీధి చివర కార్పొరేషన్ పార్కు ఉండేది. బల్లలన్నిటి మీదా పొద్దుటి నుంచి చీకటి పడేదాకా మగవాళ్ళ పేకాట, ఆడవాళ్ళం కూరగాయల సంచీతో అడ్డదారిన దాటడానికే తప్ప అందులో కూర్చున్నది లేదు. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఒక్క గంట ఆడవాళ్ళకు వదలమని అర్జీ పెడదామంది. తనకు తమిళం రాయడం రాదు, నేను చదువుకున్నదే తమిళం. కూర్చుని రెండు పేజీల అర్జీ నేనే రాశాను, అక్షరాలు ముత్యాల్లా కుదిరాయి. దాన్ని పట్టుకుని తను ఇల్లిల్లూ తిరిగింది, వచ్చీరాని తమిళంతో అందరినీ నవ్వించి సంతకాలు పెట్టించింది, సంతకం రానివాళ్ళ చేత వేలిముద్రలు వేయించింది. కౌన్సిలర్ వచ్చాడు, వాళ్ళనూ వీళ్ళనూ అడిగాడు, చివరికి గేటుకు బోర్డు కొట్టించాడు. ఆ రోజు నుంచి మా వీధికి ఆమె పేరు పార్కక్క. ఏడేళ్ళుగా ఆ వీధిలో ఉన్న నన్ను, కీరలు, అదే ఆకుకూరలు, అమ్మే ఆమె కూడా పార్కక్క వాళ్ళ అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. అర్జీ ఎవరు రాశారని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇప్పుడు చెప్పబోయేది నేనెవరికీ చెప్పలేదు. రెండు నెలలు గడిచాక, ఒక మధ్యాహ్నం అత్తగారూ నేనూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాం. కూరలకెళ్ళి రోజూ అటుగా వచ్చేదాన్ని గనక, పార్కులో ఎట్లా ఉంటుందని ఆమె మామూలుగానే అడిగింది. బాగానే ఉంటుందత్తా, గోడ అవతల లారీషెడ్డు వాళ్ళే నిలబడి చూస్తా వుంటారు, చిన్నదాన్ని చూసి నవ్వుకుంటా వుంటారు అన్నాను. లారీషెడ్డు ఉన్నది నిజం. మిగతాదంతా నేను పెట్టిన పుల్ల. ఈనె తీసినంత తేలిగ్గా అనేశాను, చేతులాగలేదు కూడా.

మరునాడు ఐదింటికి తోటికోడలు చెప్పులు వేసుకోబోతుంటే అత్తగారు పిలిచింది. "ఆడ లారీవాళ్ళు చూస్తా వుంటే ఈ ఎగురుళ్ళు మనకెందుకుమా? సరి, ఇంట్లో వుండు. పిల్లోళ్ళను పెద్దది తోడుకోని పోతింది. అది వెంట వుంటే ఎవురూ నోరెత్తరు" అంది. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను, కనీసం వాదిస్తుందనుకున్నాను. చెప్పులు పక్కన పెట్టి, రింగు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వైనా పో అక్కా. ఒక్కరోజు ఖాళీగా వొదిల్నా ఆ మగోళ్ళు మళ్ళా పేకాటకు కూర్చుంటారు" అంది.

వెళ్ళాను. అబద్ధమెందుకు, ఆడాను కూడా. మొదటి రింగే ఎడమచేత్తో పట్టేసరికి మా ఆడపడుచులు నోళ్ళు తెరిచారు, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఆడిన ఆ గంట నేనెంత సుఖపడ్డానో నాకే తెలుసు. సంగతి అత్తగారికి తెలిసినా, పెద్దదానికి ఎట్లా మసులుకోవాలో తెలుసులే అని వదిలేసింది. అదే పార్కు, అదే గోడ, అదే లారీషెడ్డు. నేను తిరిగొచ్చేసరికి తోటికోడలు నా బదులు టిఫిను చేసి, నీళ్ళు కాచి పెట్టి, ఈ రోజెవరు గెలిచారక్కా అని గుమ్మంలోనే అడిగేది. నేను ముక్తసరిగా చెప్పేదాన్ని. పార్కులో ఆడవాళ్ళు మాత్రం రోజూ పార్కక్క ఎప్పుడొస్తుందనే అడిగేవారు, ఆమె రాకపోయినా పార్కు ఆమెదే. దానికీ నాకు మంటే.

ఏడాదిన్నర తర్వాత మా మరిది అంబత్తూరుకు మారిపోయాడు. అక్కడ ఆమె ఏమేం చేసిందో చెబుతూ పోతే తెల్లారుతుంది. నడక సంఘమంది, వీధి గ్రంథాలయమంది, చెరువు గట్టు మీద చెత్త వేయకుండా కాపలా అంది. రెండు నెలల కిందట వాళ్ళ నడక సంఘం వాళ్ళు గట్టు మీద చిన్న సభ పెట్టుకుంటే నన్ను పట్టుబట్టి పిలిపించింది. మైకు పుచ్చుకుని, "చూలైలో ఆ అర్జీ రాసింది మా అక్క. నేను ఆడింది రెండు నెలలే, ఆ పార్కుని నిలబెట్టింది తను" అంది. అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. జీవితమంతా నేను కుళ్ళుకున్నది ఈ చప్పట్ల కోసమే, వచ్చేసరికి ఎక్కడ చూడాలో తెలియలేదు. మరి మీరెందుకు మానేశారాంటీ అని ముందు వరసలో ఒక అమ్మాయి ఆమెను అడిగింది. "మా అత్త వొద్దన్నింది లేమ్మా. లారీవాళ్ళు చూస్తన్నారని ఎవురో చెప్పినారంట" అని నవ్వేసింది. ఆమె నా వైపు చూస్తుందేమోనని తల దించుకుని ఓరకంట గమనించాను. చూడలేదు.

ఆ 'ఎవరో' ఎవరో ఆమెకు తెలుసో తెలియదో నాకు ఈనాటికీ తెలియదు. తెలియక నవ్విందంటే ఆమె అమాయకత్వం మీద కుళ్ళు, తెలిసీ నవ్విందంటే ఆమె మనసు మీద అంతకన్నా కుళ్ళు. రోజులు మారాయి, ఒక గంట ఆటకు ఏ ఇంటి కోడలూ ఇప్పుడు ఎవరినీ అడగనక్కర్లేదు, ఎవరో వచ్చి చెవిలో పుల్ల పెట్టినా వినే అత్తగార్లూ లేరు. మంచిదే. అంబత్తూరు ఎంతో దూరం కాదు, వెళ్ళి చెల్లీ నన్ను క్షమిస్తావా అంటే పోతుంది, వారానికి రెండుసార్లు ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం, ప్రతిసారీ నోటిదాకా వస్తుంది. కానీ అడగడమన్నది ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. నాకు ఇప్పటికీ రాలేదు.